బంతి కనబడగానే ఆగిపోయే స్వింగ్

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. కుడిచేతి వాటం. బంతి లేకుండా ఊపితే స్వింగ్ చక్కగా పూర్తవుతుంది, చూసినవాళ్లు కూడా బాగుందంటారు. బంతి పెట్టుకుంటే మాత్రం ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది. బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది, ఎడమ మోచెయ్యి బయటికి వంగుతుంది, బంతి కుడివైపుకి వంపు తిరిగిపోతుంది. కోచ్ ‘ఫినిష్ (ఊపు ముగిసే భంగిమ) పూర్తి చెయ్యండి’ అంటారు. సరే అని క్లబ్‌ని (గోల్ఫ్ కర్రని) భుజం మీదికి లాగితే తూలి పడబోతాను. పైగా ఆట అయ్యాక నడుము పట్టేస్తోంది. ఫాలోత్రూ (బంతి తగిలాక సాగే ఊపు), ఫినిష్ ఎలా బాగుచేసుకోవాలి? – ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు మొదట్లోనే రాసేశారు: బంతి లేకపోతే స్వింగ్ పూర్తవుతోంది. అంటే మీ నడుము తిరుగుతుంది, భుజాలు తిరుగుతాయి, బరువు ఎడమకాలి మీదికి వస్తుంది. ఇవన్నీ మీ ఒంటికి వచ్చు. వయసు వల్లనో, ఒళ్లు బిగుసుకుపోవడం వల్లనో ఫినిష్ రావట్లేదని బెంగ పెట్టుకోకండి. బంతి కనబడగానే ఏదో మారుతోంది. దాన్ని పట్టుకుంటే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి.

మారుతున్నది స్వింగ్ ఎక్కడిదాకా పోవాలన్న లెక్క. ఖాళీగా ఊపేటప్పుడు మీ మనసులో ఉండేది చివరిదాకా ఊపడం ఒక్కటే. బంతి పెట్టగానే బంతే ఆఖరి స్టేషన్ అయిపోతుంది. అక్కడికి చేరగానే పని అయిపోయిందని ఒళ్లు అనుకుంటుంది, నడుము తిరగడం ఆపేస్తుంది. చేతులు మాత్రం ఊపు మీద ఉంటాయి కదా, అవి ముందుకి పోవాలి. నడుము పక్కకి తప్పుకోకపోతే వాటికి దారేది? అందుకే ఎడమ మోచెయ్యి బయటికి మడతపడుతుంది. గోల్ఫ్‌లో ‘చికెన్ వింగ్’ అనేది దీన్నే. మోచేతిని నిటారుగా ఉంచాలని ఎంత ప్రయత్నించినా ఉండదు, ఎందుకంటే అది ఇరుకులో పడి వంగుతోంది. నడుము తిరిగితే చోటు వస్తుంది, చోటు వస్తే చెయ్యి చాచుకుంటుంది.

మీకో సందేహం రావచ్చు. బంతి వెళ్లిపోయాక క్లబ్ ఎక్కడ ఆగితే ఏం? ఈ ప్రశ్న వేసుకోవడం మంచిదే. బంతి క్లబ్ ఫేస్‌కి (బంతిని తాకే ముఖానికి) అంటుకుని ఉండేది సెకనులో సుమారు 2000వ వంతు మాత్రమే. ఆ దెబ్బ షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) గుండా మీ వేళ్లకి తెలిసేసరికే బంతి గాల్లో ఉంటుంది. ఆ తర్వాత మీరు చేతులు ఎంత అందంగా పెట్టినా బంతికి తెలియదు. కాబట్టి దెబ్బ తగిలాక క్లబ్‌ని భుజం మీదికి లాక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. మీరు తూలుతున్నది కూడా అందుకే. బరువు కుడికాలి మీద ఉండగానే చేతులొక్కటే పైకి పోతున్నాయి, కింద ఆధారం లేదు.

అయినా మీ కోచ్ మాట తప్పు కాదు. క్లబ్ హెడ్ (క్లబ్ కొసన ఉండే తల) మామూలు ఆటగాడి చేతిలో కూడా డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌తో) గంటకు 140 కిలోమీటర్ల దరిదాపుల్లో తిరుగుతుంది. అంత వేగంలో ఉన్నదాన్ని బంతి దాటగానే ఆపాలంటే, ఒళ్లు ఆ పని బంతికి ముందే మొదలుపెట్టాలి. అంటే బంతిని తాకే క్షణానికే మీరు బ్రేకు మీద కాలు వేసి ఉన్నారు. మధ్యలో ఆగిన ఫినిష్ ఆ సంగతినే చెబుతుంది. ఫినిష్ దాకా పోవాలని ముందే నిశ్చయించుకున్న ఒంటికి బంతి దగ్గర బ్రేకు వేయాల్సిన అవసరం రాదు. ఫినిష్‌ని బాగుచేసుకోవడమంటే నా దృష్టిలో ఇదే: దెబ్బ తర్వాత అతికించే భంగిమ గురించి కాకుండా, క్లబ్ కదలకముందు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నామో దాని గురించి ఆలోచించడం.

మరి ఎక్కడికి వెళ్లాలి? కుడిచేతి ఆటగాడి లెక్కలో చెబుతాను, ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోవచ్చు. ముందు కాళ్లు చూసుకోండి. బరువులో పదింట తొమ్మిది వంతులు ఎడమకాలి మీద, అందులోనూ మడమ వైపు, పాదం బయటి అంచున ఉండాలి. ఎడమకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, మోకాలు వెనక్కి విరిచినట్టు బిగుసుకోకూడదు. కుడిపాదం బొటనవేలి కొస మీద ఆని, మడమ ఆకాశం వైపు ఉంటుంది. వెనక నిలబడ్డవాళ్లకి మీ కుడి బూటు అడుగుభాగం మొత్తం కనబడాలి. బెల్టు బకల్ టార్గెట్‌ని చూస్తుంది, ఛాతీ ఇంకాస్త ఎడమకి తిరుగుతుంది, కుడిభుజం ఎడమభుజం కంటే టార్గెట్‌కి దగ్గరగా వస్తుంది. చేతులు ఎడమభుజం పైకి చేరతాయి, షాఫ్ట్ మెడ వెనకాల ఏటవాలుగా ఆగుతుంది. అలా నిలబడి కుడిపాదాన్ని నేల మీంచి కాస్త ఎత్తగలిగితే, బరువు చేరాల్సిన చోటికి చేరినట్టే.

పొద్దున్నే మంచుతో తడిసిన గడ్డి దొరికితే ఒక పని చేసి చూడండి. ఒక షాట్ కొట్టి, పక్కకి జరిగి, మీ కుడిపాదం ఉన్నచోట వంగి చూడండి. బరువు సరిగ్గా దాటితే మడమ ఉన్నచోట గడ్డి మళ్లీ లేచి నిలబడుతూ ఉంటుంది, బొటనవేలు ఉన్నచోట మాత్రం చిన్న గుండ్రటి నలుగుడు కనిపిస్తుంది, బొటనవేలితో మెల్లగా తిప్పి నొక్కినట్టు. బరువు దాటకపోతే పాదం మొత్తం అచ్చు గుద్దినట్టు ఉంటుంది, మడమ దగ్గర ఇంకా లోతుగా. నేను మొదట్లో ఎన్నో రోజులు బంతి ఎటు పోయిందో చూడటం మానేసి ఈ అచ్చు చూసుకునేవాణ్ని. బంతి ఒక్కోసారి తప్పుడు స్వింగ్‌కి కూడా తిన్నగా పోయి మనల్ని మోసం చేస్తుంది. గడ్డి చేయదు.

కళ్లముందు ఒక బొమ్మ ఉండాలనుకుంటే అమెరికా గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్ ఫొటో వెతికి చూడండి. 1950 జూన్ 10న అమెరికాలోని మెరియన్ కోర్సులో యు.ఎస్. ఓపెన్ ఆఖరి రోజు, చివరి హోల్లో హోగన్ రెండో షాట్ కొట్టి ఆగిన క్షణాన్ని హై పెస్కిన్ అనే ఫొటోగ్రాఫర్ వెనకనుంచి తీశాడు. చేతులు పైకి పోయాయి, ఒళ్లు నిటారుగా ఉంది, కుడికాలు కొస మీద ఉంది, బూటు అడుగు మనవైపు తిరిగి ఉంది. ఆ రోజు ఆయన 36 హోల్స్ నడిచాడు. అంతకు 16 నెలల ముందు, 1949 ఫిబ్రవరిలో, ఆయన కారుని బస్సు ఢీకొట్టి ఒళ్లంతా ఎముకలు విరిగాయి. మళ్లీ నడుస్తాడా అని డాక్టర్లు సందేహపడిన మనిషి. అలసిపోయిన ఆ కాళ్ల మీద కూడా స్వింగ్‌ని మధ్యలో వదల్లేదు. ఆ హోల్‌ని పార్‌తో (దానికి నిర్ణయించిన దెబ్బల లెక్కలోనే) ముగించి ప్లేఆఫ్‌కి (సమంగా నిలిచినవాళ్ల మధ్య గెలుపు తేల్చే ఆటకి) చేరాడు, మర్నాడు టైటిల్ గెలిచాడు. నడుము పట్టేసిన రోజున ఆ ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

అలాగని అందరి ఫినిష్ హోగన్‌లా ఉండాలని లేదు. మరో మేటి ఆటగాడు ఆర్నాల్డ్ పామర్ క్లబ్‌ని తల మీద హెలికాప్టర్ రెక్కలా తిప్పేవాడు. గ్యారీ ప్లేయర్ చాలాసార్లు దెబ్బ తర్వాత కుడికాలు ముందుకి వేసి టార్గెట్ వైపు నడిచేసేవాడు. చూడ్డానికి ముగ్గురూ మూడు రకాలు. కానీ ముగ్గురి బరువూ ఎడమవైపుకి దాటింది, ముగ్గురి ఒళ్లూ బంతి దగ్గర ఆగలేదు. మీరు తెచ్చుకోవాల్సింది అది. చేతులు రెండంగుళాలు పైనా కిందా అన్నది పట్టించుకోకండి.

ఇక సాధన సంగతి. మొదటి వారం బంతి వద్దు. 7 ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) పట్టుకుని, స్వింగ్ చేయకుండానే నేరుగా ఫినిష్‌లోకి వెళ్లి నిలబడండి. పైన చెప్పినట్టు కాళ్లు, నడుము, చేతులు ఒక్కొక్కటీ సరిచూసుకుని, మూడంకెలు లెక్కపెట్టేదాకా కదలొద్దు. తర్వాత అక్కణ్నుంచే వెనక్కి మెల్లగా వచ్చి, బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి ఎత్తే ఊపు) దాకా వెళ్లి, మళ్లీ అదే ఫినిష్‌కి రండి. ఇల్లు తెలిసినవాడికి చీకట్లో కూడా దారి దొరికినట్టు, చేరాల్సిన చోటు ఒంటికి తెలిస్తే స్వింగ్ అటే పోతుంది. రోజుకి పది నిమిషాలు చాలు, ఇంట్లోనే చేయొచ్చు. చుట్టూ మనుషులు, పైన ఫ్యాను లేకుండా చూసుకోండి.

తర్వాత బంతి పెట్టండి, కానీ సగం స్వింగే. వెనక్కి చేతులు నడుము ఎత్తు దాకా, ముందుకి చేతులు నడుము ఎత్తు దాకా. ముందుకి వెళ్లి ఆగిన చోట మూడు చూసుకోండి: రెండు చేతులూ చాచి ఉన్నాయా, బెల్టు బకల్ దాదాపు టార్గెట్ వైపు వచ్చిందా, కుడి మడమ నేల వదిలిందా. మీ మోచేతి గొడవ తీరేది ఇక్కడే. పూర్తి స్వింగ్‌లో ఆ క్షణం ఎంత వేగంగా పోతుందంటే, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. సగం స్వింగ్‌లో మోచెయ్యి వంగితే వెంటనే తెలుస్తుంది. అప్పుడు మోచేతిని సరిచేయకండి, నడుముని ఇంకాస్త తిప్పండి. కావాలంటే ఎడమ చంకలో చిన్న తువ్వాలు పెట్టుకోండి. చెయ్యి ఒంటినుంచి విడిపోయి ఎగిరితే అది జారి పడుతుంది. పూర్తి స్వింగ్‌కి మాత్రం తువ్వాలు వద్దు, అప్పుడు చెయ్యి ఎలాగూ ఒంటినుంచి దూరంగా పైకి పోవాలి.

ఈ సగం స్వింగ్ ఎలా ఉండాలో మాటల్లో చెప్పాలంటే, రెండు చేతులతో బకెట్ పట్టుకుని అందులో నీళ్లని ఎదురుగా దూరంగా విసరడం గుర్తుచేసుకోండి. నీళ్లు విసిరేవాడు కుడికాలి మీద వెనక్కి వాలి నిలబడడు, చేతులు ఒంటి దగ్గర ముడుచుకోడు. పొట్ట, ఛాతీ, చేతులు, అన్నీ కలిసి నీళ్లు పోవాల్సిన వైపుకే తిరుగుతాయి. అచ్చం అదే కదలిక.

బంతి దగ్గర బ్రేకు పడే అలవాటుకి నాకు బాగా పనిచేసిన చిట్కా ఒకటుంది. ఐరన్ కొట్టేటప్పుడు బంతికి ముందు, టార్గెట్ వైపు, నాలుగంగుళాల దూరంలో ఒక టీని (బంతిని నిలబెట్టే చిన్న మేకుని) గడ్డిలోకి దాదాపు పూర్తిగా గుచ్చండి. మీ పని బంతిని కొట్టడం కాదు, ఆ టీని తాకడం. బంతి దారిలో ఉంది కాబట్టి ఎలాగూ తగులుతుంది. ఐరన్‌తో మంచి షాట్ పడినప్పుడు గడ్డి లేచేది బంతి ఉన్నచోటికి ముందువైపే. మీకు ఇప్పుడు బహుశా బంతికి వెనక నేల తగులుతూ ఉండాలి, లేదంటే బంతి నెత్తి మీద క్లబ్ తగిలి నేలబారుగా దొర్లుతూ ఉండాలి. టీ తాకడం మొదలయ్యాక రెండూ తగ్గుతాయి.

క్లబ్‌ని తిరగేసి, హెడ్ దగ్గర పట్టుకుని ఊపడం కూడా మంచిదే. గాలి కోసుకునే ‘ఝుమ్’ చప్పుడు బంతి ఉండే చోటికి ముందే వినిపిస్తే మీ వేగం తొందరగా ఖర్చైపోతోందని అర్థం. ఆ చప్పుడు బంతి చోటు దాటాక వినబడేలా ఊపండి. రెండుకాళ్లూ దగ్గరగా పెట్టి మెల్లగా కొట్టడం, గ్యారీ ప్లేయర్‌లా దెబ్బ తర్వాత ఒక అడుగు ముందుకి వేయడం, ఇవీ బరువు దాటించడానికే. అన్నీ ఒకేరోజు చేయకండి. ఒకటి తీసుకుని వారం పట్టుకోండి.

తల గురించి ఒక్క మాట, ఎందుకంటే మీకు ఎవరో ఒకరు ‘తల ఎత్తొద్దు’ అని చెప్పే ఉంటారు. ఆ సలహా వల్ల పాడైన ఫినిష్‌లు నేను చాలా చూశాను. బంతి వెళ్లిపోయాక కూడా గడ్డినే చూస్తూ మెడ బిగించుకుంటే కుడిభుజం గడ్డానికి తగిలి ఆగిపోతుంది, దాంతో మొత్తం తిరగడమే ఆగుతుంది. కుడిభుజం గడ్డం కిందికి వచ్చినప్పుడు తలని కూడా దానితోపాటు తిరగనివ్వండి. 10 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీలు) గెలిచిన అనీకా సోరెన్‌స్టామ్ అయితే బంతి తగిలే వేళకే తల టార్గెట్ వైపు తిప్పేది. మనం అంత తొందరగా తిప్పక్కర్లేదు. తల పైకి లేవకూడదు, పక్కకి తిరగొచ్చు. రెండిటికీ చాలా తేడా ఉంది.

బంతి కుడికి వంపు తిరగడం విషయంలో మీకు నిజం చెప్పాలి. ఫినిష్ ఒక్కటే సరిచేస్తే స్లైస్ (ఈ కుడి వంపు) పూర్తిగా పోతుందని అనుకోకండి. క్లబ్ వెళ్లే దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి అటు వంపు తిరుగుతుంది. అందుకని గ్రిప్ (క్లబ్‌ని పట్టుకునే తీరు) కూడా చూసుకోండి. బంతి ముందు నిలబడి కిందికి చూస్తే ఎడమచేతి వేళ్ల కణుపులు కనీసం రెండు కనబడాలి. ఒకటే కనబడితే చెయ్యిని కాస్త కుడికి తిప్పి పట్టుకోండి. గ్రిప్ వల్ల ఫేస్ తెరుచుకునేవాళ్లు బంతి కుడికి పోతుందన్న భయంతో చేతులతో ఆఖరి క్షణంలో ఏదో చేయబోతారు, నడుము అప్పుడే ఆగుతుంది. పట్టు కూడా వదులు చేయండి. టెన్షన్‌లో వేళ్లు తెల్లబడేలా పట్టుకున్నవాడికి మోచేతులు, భుజాలు అన్నీ బిగుసుకుంటాయి. ఫినిష్‌లో ఆగి చూసుకున్నప్పుడు చేతులు మెత్తగా ఉంటే సరిగ్గా పట్టుకున్నట్టు.

అన్ని షాట్లకీ నిండు ఫినిష్ అక్కర్లేదు. గాలికి ఎదురుగా తక్కువ ఎత్తులో పంపే షాట్లో చేతులు ఛాతీ ఎత్తు దగ్గరే ఆపేస్తాం. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనుంచి కొట్టే చిప్‌కి (బంతిని కొద్దిగా లేపే చిన్న షాట్‌కి) క్లబ్ హెడ్ మోకాలు దాటదు. కానీ చిన్న షాట్‌లో కూడా బ్రేకు వేయడం మాత్రం పనికిరాదు. క్లబ్‌ని వెనక్కి మరీ ఎక్కువ తీసి, ఇంత వద్దేమోనని దిగేటప్పుడు తగ్గిస్తాం చూడండి, చిప్‌లు చెడేది అక్కడే. వెనక్కి తక్కువ తీసి, ముందుకి ధైర్యంగా వెళ్లండి. బంకర్‌లో (ఇసుక గుంటలో) అయితే ఇసుకలో క్లబ్ ఆగిపోయిందంటే బంతి కూడా అక్కడే ఉంటుంది.

చివరగా నడుము. 1970ల్లో చాలామంది పెద్ద ఆటగాళ్లు ఫినిష్‌లో తుంటిని ముందుకి తోసి, వీపుని వెనక్కి విల్లులా వంచేవారు. పాత ఫొటోలు చూసి దాన్ని అనుకరించకండి. ఆ వంపు బరువంతా వీపు కింది భాగం మీద పడుతుంది. ఇప్పుడు నేర్పేవాళ్లు ఎడమకాలి మీద నిటారుగా నిలబడమంటున్నది అందుకే. మీ విషయంలో కుడికాలి మీద ఉండిపోయి చేతుల్ని పైకి లాగడం వల్ల అలాంటి వంపే వస్తోందని నా అనుమానం. ఇంకో చిన్న మార్పు కూడా చేయండి: నిలబడేటప్పుడే ఎడమపాదాన్ని టార్గెట్ వైపు 20, 30 డిగ్రీలు తిప్పి పెట్టుకోండి. తుంటి తిరగడానికి దారి తేలికవుతుంది, మోకాలు మెలిపడదు, నడుము మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. అయితే నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా, కాల్లోకి పాకుతున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా ఈ సాధనలన్నీ ఆపి ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఆట ఎక్కడికీ పోదు.

ఒక నెల ఇలా చేశాక మళ్లీ రాయండి. వీలైతే ఫోన్‌తో వీడియో తీయించండి, ఒకటి ఎదురునుంచి, ఒకటి మీ వెనకనుంచి టార్గెట్ వైపు చూస్తున్నట్టు. తీసేవాళ్లు మామూలుగా బంతి వెంట ఫోన్ తిప్పేస్తారు. అలా తిప్పకుండా, మీరు ఫినిష్‌లో మూడంకెలు లెక్కపెట్టి కదిలేదాకా మీ మీదే ఉంచమని, పాదాలు తప్పకుండా ఫ్రేములో ఉండాలని వాళ్లకి ముందే చెప్పండి. నేను మొదట చూసేది మీ కుడి మడమనే.